ఇంటి ఫోను, ఇంటర్నెట్, టీవీ ఖర్చు తగ్గించుకోవడం ఎలా? గోదావరి డెల్టా ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

"ఏ కంపెనీ ఇంటర్నెట్ చవకండీ?" అమలాపురం నుంచి అడిగినా భీమవరం నుంచి అడిగినా ప్రశ్న ఇదే. దీనికి నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీ ఇంట్లో ఒకే సరుకును రెండుసార్లు ఎక్కడెక్కడ కొంటున్నారు? వైఫై ఉన్న ఇంట్లో ప్రతి ఫోనుకూ రోజుకు రెండు జీబీ డేటా, కింద కేబుల్ ఉండగా మేడ మీద డిష్, ఒకే చానెల్ మామూలుదీ హెచ్‌డీదీ కలిపి. డబ్బు ఎక్కువగా పోయేది ఇలాగే.

కాబట్టి కంపెనీ మార్చడం ఈ వరుసలో దాదాపు చివరి మెట్టు. చాలామందికి అక్కడిదాకా రావలసిన పనే ఉండదు. మొత్తానికి రెండు సాయంత్రాల పని, ఆపైన ఒక నెల ఓపిక.

1. మొదటి సాయంత్రం: ఏడాది లెక్క రాయండి

నెల లెక్క మోసం చేస్తుంది. 28 రోజుల రీచార్జి ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు పడుతుంది. అందుకే ఏడాది లెక్కే వేయండి.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి:

- ఇంట్లో ఉన్న అన్ని ఫోన్ల రీచార్జి సందేశాలు (ధర, ఎన్ని రోజులు, ఎంత డేటా)
- ఇంటర్నెట్ బిల్లు, అందులో పన్ను ఎంతో చూపే కాగితం
- కేబుల్ లేదా డిష్ రసీదు, దాంతో పాటు చానెళ్ల జాబితా
- ఫోన్‌పే, గూగుల్ పేలాంటి యాప్‌లలో ఆటోపే (గడువు రాగానే డబ్బు దానంతట అదే పోయే ఏర్పాటు) పేజీ
- ల్యాండ్‌లైన్ ఉంటే దాని బిల్లు

అంబాజీపేట దగ్గర మా పెద్దమ్మగారింట్లో ఈ లెక్క వేసినప్పటి అంకెలు చెబుతాను. ఇంట్లో పెద్దమ్మ, పెదనాన్న, కోడలు, మనవడు. అన్నయ్య కువైట్‌లో ఉంటాడు. మూడు ఫోన్లు, ఒక్కొక్కటి 28 రోజులకు 350 రూపాయలు: ఏడాదికి 13,650. కేబుల్ నెలకు 350: ఏడాదికి 4,200. మేడ మీది డిష్ నెలకు 300: ఏడాదికి 3,600. ఫైబర్ ఇంటర్నెట్ పన్నుతో నెలకు 471: ఏడాదికి 5,652. మొత్తం 27,102.

"నెలకు ఒక వెయ్యి అవుతుందేమోరా" అన్నారు పెదనాన్న, కాగితం చూడకముందు. నిజానికి అయ్యేది రెండు వేల రెండు వందల పైమాటే. ఎవరి రీచార్జి వారు వేసుకుంటారు, కేబుల్ డబ్బు గుమ్మంలో ఇస్తారు, డిష్ సంగతి అన్నయ్య అక్కడి నుంచే చూసుకుంటాడు. అన్నీ ఒకచోట ఎవరికీ కనిపించవు.

ఇంకో మాట. మొబైల్ రీచార్జి ధరలో పన్ను కలిసే ఉంటుంది. ఇంటర్నెట్ ప్రకటనల్లో సాధారణంగా ఉండదు, 18 శాతం జీఎస్టీ పైన పడుతుంది. 399 అని రాసినది కట్టేటప్పటికి 470.82 అవుతుంది. కాగితం మీద ఎప్పుడూ కట్టే మొత్తమే రాయండి.

2. జంటలకు గీత గీయండి

ఒకే అవసరాన్ని తీర్చే రెండు ఖర్చులు ఎక్కడ కనిపించినా వాటిని కలిపి ఒక గీత గీయండి. సాధారణంగా దొరికే జంటలు ఇవి:

- ఇంటి వైఫై, ఇల్లు కదలని వారి ఫోనులో రోజువారీ డేటా
- కేబుల్, డిష్
- ఒక చానెల్ మామూలు రూపం, దాని హెచ్‌డీ రూపం
- ఇంటర్నెట్ ప్లానుతో వచ్చిన ఓటీటీ (సినిమాలు, సీరియళ్లు చూసే యాప్), విడిగా డబ్బు కట్టి తీసుకున్న అదే ఓటీటీ
- ఫైబర్‌తో ఉచితంగా వచ్చే ల్యాండ్‌లైన్, పాత రాగి తీగ ల్యాండ్‌లైన్

పెద్దమ్మగారింట్లో మూడు జంటలు దొరికాయి. డిష్ ఎందుకని అడిగితే "కేబుల్ పోతే ఉంటుందని" అన్నారు. కేబుల్ ఎప్పుడైనా ఒక పూట పోతుందని ఏడాదికి 3,600 కట్టడం, గొడుగు చిరుగుతుందేమోనని రోజూ ఇంకో గొడుగు అద్దెకు తెచ్చుకున్నట్టే. పైగా ఆ డిష్ పెట్టె ప్లగ్గు ఆరు నెలలుగా తీసేసి ఉంది.

3. ఫోన్లు: అన్నిటికంటే ఎక్కువ మిగిలేది ఇక్కడే

2024 డిసెంబరులో ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ సంస్థ, ఒక సవరణ తెచ్చింది. డేటా లేకుండా కేవలం కాల్స్, ఎస్ఎంఎస్‌లకు విడిగా ప్యాకులు ఇవ్వాలని, వాటి గడువు 365 రోజుల వరకు ఉండవచ్చని అందులో ఉంది. చాలామందికి ఈ ప్యాకుల సంగతి తెలియదు. యాప్ తెరవగానే కనిపించే చోట అవి ఉండవు. చివరిదాకా జరిపి వెతకాలి, లేదా దుకాణంలో "మాటలకు మాత్రమే, ఏడాదిది" అని నోరు తెరిచి అడగాలి.

పని ఇలా చేయండి:

అ) ఫోను సెట్టింగులలో గత నెల మొబైల్ డేటా ఎంత వాడారో చూడండి. వైఫై డేటా వేరుగా చూపిస్తుంది, దాన్ని కలపకండి.

ఆ) నెలకు రెండు మూడు జీబీ కూడా దాటని ఫోనుకు రోజువారీ డేటా ప్యాకు దండగ. కాల్స్ ప్యాకు వేసి, అవసరమైనప్పుడు చిన్న డేటా వోచరు కలుపుకోండి.

ఇ) రోజూ బయట తిరిగేవారికి, కాలేజీ పిల్లలకు డేటా ప్యాకే ఉంచండి. అక్కడ పొదుపు చేయబోతే నాలుగో రోజుకే గొడవ.

ఈ) 28 రోజులది, 84 రోజులది, ఏడాదిది పక్కపక్కన రాసి ఒక్కొక్కదాన్ని రోజులతో భాగించండి. రోజుకు ఎంత పడుతుందన్నదే అసలు ధర. నెలనెలా ఒకే తేదీన వేసుకునే ప్లాను కూడా ప్రతి కంపెనీ ఒక్కటైనా ఇవ్వాలి. జీతం తేదీకి ముడిపెట్టుకునేవారికి అది బాగుంటుంది.

కువైట్ కాల్స్ వాట్సాప్‌లో, ఇంటి వైఫై మీదే వస్తాయి కనుక పెద్దమ్మకూ పెదనాన్నకూ ఏడాది కాల్స్ ప్యాకులు వేశాం, ఒక్కొక్కటి 1,850. కోడలి ఫోను మాత్రం పాత ప్యాకులోనే ఉంచాం.

ఇందులో ఒక పొరపాటు చేశాను. వారం తిరక్కుండా పెదనాన్న అంబాజీపేటలో ఎరువుల దుకాణం ముందు నిలబడి ఫోను చేశారు. డేటా లేదు, యూపీఐ వెళ్లడం లేదు, జేబులో నలభై రూపాయలు. డేటా తీసేసే ముందు ఆ మనిషి బయట ఏమేమి చెల్లిస్తారో అడగాలి. ఇప్పుడు ఆయన ఫోనులో ఎప్పుడూ ఒక చిన్న డేటా వోచరు ఉంటుంది.

ఇంట్లో టవరు సిగ్నల్ సరిగా లేకపోతే, మీ ఫోనూ కంపెనీ ఒప్పుకుంటే, సెట్టింగులలో వైఫై కాలింగ్ తెరవండి. మామూలు కాల్సే వైఫై మీదుగా వెళతాయి. తోట మధ్య ఇళ్లకు ఇది బాగా పనికొస్తుంది. సిగ్నల్ కోసమని రెండో సిమ్ముకు రీచార్జి చేయడం మానుకోవచ్చు.

ల్యాండ్‌లైన్ గురించి క్లుప్తంగా. ఫైబర్ ప్లానుల్లో చాలావాటికి ల్యాండ్‌లైన్ కాల్స్ ఉచితంగా వస్తాయి, ఫోను పరికరం మాత్రం కొనుక్కోవాలి. పాత 08856 నంబరు బంధువులందరికీ నోటికి వచ్చు అనుకుంటే, అదే నంబరు ఫైబర్ మీదికి మారుతుందో లేదో దరఖాస్తుకు ముందే అడగండి. రాగి తీగకు విద్యుత్తు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, అందుకే ఇంట్లో కరెంటు లేకపోయినా ఆ ఫోను మోగేది. ఫైబర్ ఫోను అలా కాదు, రూటరు (ఇంట్లోని వైఫై పెట్టె) ఆరితే అదీ ఆరిపోతుంది. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా నొక్కాలి, 2021 జనవరి నుంచి ఇదే పద్ధతి. "లైను పాడైంది" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఈ సున్నా దగ్గరే తీరిపోతాయి.

4. టీవీ: చానెళ్ల జాబితాకు కత్తెర

ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి గత నెలలో నిజంగా చూసిన చానెళ్లు చెప్పమనండి. "ఎప్పుడైనా చూస్తాం" అన్నవి రాయకండి. సాధారణంగా పన్నెండు దాటవు.

తర్వాత ఆపరేటరు ఇచ్చిన ప్యాకు జాబితాలో వాటికి టిక్కు పెట్టండి. టిక్కు పడని డబ్బు చానెళ్లు ఏ గుత్తిలో (కలిపి అమ్మే చానెళ్ల కట్టలో) ఉన్నాయో చూసి, ఆ గుత్తి తీసేసి, కావలసిన ఒకటి రెండు విడిగా తీసుకుంటే ఎంతవుతుందో అడగండి. డబ్బు చానెళ్లను విడివిడిగా కొనుక్కునే హక్కు మీకు ఉంది. విడిగా కొంటే గుత్తికంటే ఎక్కువ పడే సందర్భాలూ ఉంటాయి, అందుకే రెండు లెక్కలూ వేయించుకోండి.

చూడవలసినవి:

- టీవీ చిన్నదై, దూరం నుంచి చూస్తుంటే హెచ్‌డీ గుత్తి అక్కర్లేదు
- మామూలుదీ హెచ్‌డీదీ రెండూ ఉంటే ఒకటి తీయించండి
- ఇంట్లో ఎవరికీ రాని భాషల చానెళ్లు ఏ గుత్తితో వచ్చాయో చూడండి
- రెండో టీవీకి వేరే కనెక్షన్ ఉంటే, దాని నెట్‌వర్క్ రుసుములో (చానెళ్ల ధర కాక కనెక్షన్‌కే కట్టేదానిలో) తగ్గింపు ఎంతో అడగండి

ఒకప్పుడు నెట్‌వర్క్ రుసుముకు 130 రూపాయల పరిమితి ఉండేది. 2024 జులైలో ట్రాయ్ ఆ పరిమితిని ఎత్తేసింది. ఇప్పుడు ఆపరేటరును బట్టి మారుతుంది కనుక బేరానికి చోటు ఉంది.

వార్తలకే టీవీ పెట్టే ఇల్లయితే తెలుగు వార్తా చానెళ్లు చాలావరకు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తాయి. నెలసరి ఖర్చే వద్దనుకుంటే డీడీ ఫ్రీ డిష్ ఉంది. ఒకసారి పెట్టె, డిష్ కొంటే చాలు. సప్తగిరి, యాదగిరి వస్తాయి. కానీ సీరియళ్లు వదలని ఇంట్లో దాన్ని పెట్టేముందు, అది ఉన్న ఇంట్లో ఒక సాయంత్రం కూర్చుని ఏ తెలుగు చానెళ్లు వస్తున్నాయో చూసి రండి. పెద్దమ్మకు తెలియకుండా సీరియల్ తీసేసి ఆ ఇంట్లో కాఫీ తాగగలమా?

పెద్దమ్మగారి కేబుల్ ఈ కత్తెరతో 350 నుంచి 250కి దిగింది. డిష్ ఆపేశాం.

5. ఇంటర్నెట్: మీకు ఎంత వేగం కావాలి?

వంద ఎంబీపీఎస్ (ఇంటర్నెట్ వేగం కొలత) అంటే గొప్పగా ఉంటుంది. లెక్క చూడండి. హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్ చాలు. ఒక టీవీ, ఒక వీడియో కాల్, రెండు ఫోన్లు ఒకేసారి నడిచినా 30 ఎంబీపీఎస్ ప్లాను సరిపోతుంది. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారో, పెద్ద 4కే టీవీయో ఉంటేనే పైకి వెళ్లండి.

డేటా పరిమితి కూడా చూడండి. హెచ్‌డీ వీడియో గంటకు గరిష్ఠంగా 3 జీబీ తింటుంది. రోజుకు నాలుగు గంటలు చూస్తే నెలకు 360 జీబీ. పరిమితి దాటాక వేగం ఎంతకు పడిపోతుందో ప్లాను కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

నెట్ మందకొడిగా ఉందని పై ప్లానుకు మారేముందు ఈ పరీక్ష చేయండి:

అ) రాత్రి 8 నుంచి 10 మధ్య రూటరు పక్కనే నిలబడి వేగం కొలవండి.
ఆ) తర్వాత మీరు నెట్ వాడే గదిలో కొలవండి.
ఇ) రూటరు దగ్గర బాగుండి గదిలో పడిపోతే తప్పు ప్లానుది కాదు, రూటరు ఉన్న చోటుది. పాత మండువా ఇళ్ల మందపాటి గోడలు వైఫైని మింగేస్తాయి. రూటరును బీరువా వెనక నుంచి తీసి ఇంటి మధ్యకు, ఎత్తులోకి మార్చండి. దూరపు గదిలో వైఫై పేర్లలో 2.4 గిగాహెర్ట్జ్‌ది ఎంచుకోండి, గోడలను అదే బాగా దాటుతుంది.
ఈ) రూటరు దగ్గర కూడా తక్కువే ఉంటే అది ఫిర్యాదు చేయవలసిన విషయం. ఎక్కువ డబ్బు కట్టి తీర్చుకునేది కాదు.

సంక్రాంతికి పిల్లలంతా వచ్చి పదిహేను ఫోన్లు వైఫై ఎక్కే ఇళ్లుంటాయి. ఆ ఒక్క నెలకు పై ప్లాను తీసుకుని, తిరిగి దిగండి. దిగడానికి షరతులేమిటో ఎక్కేముందే అడగండి.

చెరువు గట్టు మీద కెమెరా పెట్టినవారికి ప్రత్యేకంగా ఒక లెక్క. 1 ఎంబీపీఎస్ ప్రవాహం ఆగకుండా నడిస్తే రోజుకు 10.8 జీబీ అవుతుంది. సిమ్ము కెమెరా అయితే ఏ ప్యాకూ ఆగదు. రికార్డింగు మెమరీ కార్డులోకి మళ్లించి, కదలిక ఉన్నప్పుడే సందేశం వచ్చేలా పెట్టండి. ఇల్లు కంటికి ఆనే దూరంలో, మధ్యలో చెట్లు లేకుండా ఉంటే, వైఫైని చెరువు దాకా చేర్చే బ్రిడ్జి పరికరాల జత ఒకసారి కొంటే చాలు, ఆ సిమ్ము ఖర్చే పోతుంది.

6. మీ వీధిలో ఎవరి తీగ నిలబడుతుంది?

ఇన్ని చేశాకా కంపెనీ మార్చాలనిపిస్తే, ధరల పట్టిక కంటే ముందు చుట్టుపక్కల ఐదారు ఇళ్లు తిరగండి. బీఎస్ఎన్ఎల్ కావచ్చు, ఏపీ ఫైబర్‌నెట్ కావచ్చు, ప్రైవేటు కంపెనీలు కావచ్చు. మన పల్లెల్లో ఇంటిదాకా తీగ లాగేదీ బాగుచేసేదీ చాలావరకు స్థానిక ఆపరేటరే. ఒకే కంపెనీ ఒక ఊళ్లో దేవుడు, పక్క ఊళ్లో దయ్యం.

అడగవలసిన ప్రశ్నలు:

- మొన్నటి తుపాను తర్వాత ఎన్ని రోజులకు నెట్ వచ్చింది? 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు ఎవరి లైను ముందు లేచిందో వీధిలో అందరికీ గుర్తుంటుంది.
- లైన్‌మన్ ఏ ఒడ్డున ఉంటాడు? వైనతేయ పాయకో వశిష్ఠ పాయకో అవతల ఉండేవాడైతే, వరద రోజుల్లో లంక గ్రామానికి రాలేడు.
- తెగిన తీగ అతికించడానికి విడిగా డబ్బు అడుగుతున్నారా?
- టీవీ కూడా అదే తీగ మీద వస్తుందా? వస్తే, తెగిన రోజు రెండూ పోతాయి.

తీగ లేని 5జీ ఇంటి ఇంటర్నెట్ మీద ఒక హెచ్చరిక. దాని పెట్టెకు టవరు వైపు అడ్డు లేకుండా ఉండాలి. కొబ్బరి తలలు మీ మేడకంటే ఎత్తులో ఉంటే సిగ్నల్ బలహీనపడుతుంది, వానకు ఆకులు తడిస్తే ఇంకా ఎక్కువ. తోటలోని ఇల్లయితే ఏడాది డబ్బు ముందే కట్టకండి.

7. బేరం ఎలా ఆడాలి

నెల గడువు ముగియడానికి వారం ముందు మాట్లాడండి. గడువు అయిపోయిన రోజు అడిగితే చేయి వారిదే పైన ఉంటుంది. కోపంగా కాదు, కాగితం చేతిలో పట్టుకుని:

"బాబూ, ఓటీటీలు లేని ప్లాను పన్నుతో కలిపి ఎంతో చెప్పు. ఆరు నెలలది ఒకేసారి కడితే ఎన్ని రోజులు అదనంగా వస్తాయి? రూటరు డిపాజిట్టు ఎంత, వదిలేస్తే ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు?"

జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి. డబ్బు కంపెనీ యాప్‌లోనో వెబ్‌సైట్లోనో కట్టండి. ఎవరి సొంత నంబరుకో యూపీఐ చేస్తే రేపు రసీదు అడగడానికి దారి ఉండదు. కేబుల్‌కు చేతికి డబ్బు ఇవ్వక తప్పకపోతే రసీదు లేకుండా ఇవ్వకండి.

8. మార్చేటప్పుడు ఈ వరుస తప్పకండి

1) కొత్త కనెక్షన్ ఒక నెలకు మాత్రమే తీసుకోండి.
2) పాతది ఉండగానే పది పదిహేను రోజులు, ముఖ్యంగా రాత్రి వేళ, పరీక్షించండి.
3) పాత ప్లానుకు ముడిపడిన ఓటీటీలు, ల్యాండ్‌లైన్ నంబరు ఏమవుతాయో చూసుకోండి.
4) బ్యాంకులో, గ్యాస్ బుకింగులో పాత నంబరు ఉంటే ముందు అక్కడ మార్చండి.
5) యూపీఐ యాప్‌లో పాత ఆటోపే రద్దు చేయండి. కనెక్షన్ ఆపితే ఆటోపే దానంతట అది ఆగుతుందని నమ్మకండి. డబ్బు తీసే 24 గంటల ముందు సందేశం రావాలి, దాన్ని చదవకుండా తుడిచేయకండి.
6) రాతపూర్వకంగా ఆపమని చెప్పి, రూటరు, పెట్టె, అడాప్టర్ అప్పగించి రసీదు తీసుకోండి. ఫొటో కూడా తీసి పెట్టుకోండి.

మొబైల్ కంపెనీ మార్చడానికి, ఇంగ్లిషులో PORT అని రాసి, ఖాళీ వదిలి మీ నంబరు వేసి 1900కు ఎస్ఎంఎస్ చేయండి. వచ్చిన కోడ్ కొత్త కంపెనీకి ఇవ్వాలి, మన రాష్ట్రంలో అది నాలుగు రోజులే పనిచేస్తుంది. పోస్ట్‌పెయిడ్ బకాయి ఉన్నా, నంబరు తీసుకుని 90 రోజులు కాకపోయినా, వారంలోపు సిమ్ము మార్చినా కుదరదు.

9. తుపాను, కరెంటు, పిడుగు

తీగ తెగినప్పుడు రూటరు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు, అదే రోజు ఫిర్యాదు నంబరు తీసుకోండి. మరమ్మతు మూడు రోజులు దాటితే అద్దె తగ్గింపు లేదా గడువు పొడిగింపు అడగండి. రోజులు లెక్కించేది ఫిర్యాదు నమోదైనప్పటి నుంచే.

తీగ వేసేటప్పుడే మట్టలు, గెలలు రాలే చోటు తప్పించమనండి. ఇంటి దగ్గర రెండు మూడు మీటర్లు చుట్టగా వదిలించుకోండి. తెగితే కొత్త తీగ కొనకుండా అతికించడానికి అదే ఆధారం.

కరెంటు కోతలకు రూటరు యూపీఎస్ చిన్నది దొరుకుతుంది. కొనేముందు మీ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు ఫొటో తీసుకుని వెళ్లండి. ఉరుములు మొదలవకముందే అడాప్టర్, కేబుల్ లేదా డిష్ తీగ రెండూ ఊడదీయండి. ఫైబర్ గాజు కనుక దాని గుండా కరెంటు రాదు, ప్లగ్గు గుండా వస్తుంది.

10. మాట వినకపోతే

ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రం, అక్కడ నంబరు. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారి. అప్పటికీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులను తానే విచారించదు, అక్కడికి ఉత్తరాలు రాసి నెలలు పోగొట్టుకోకండి.

11. రెండో కాగితం

మొదటి కాగితం పక్కనే మార్పుల తర్వాతి లెక్క రాయండి. పెద్దమ్మగారిది ఇలా వచ్చింది: ఫైబర్ 5,652, కేబుల్ 3,000, రెండు కాల్స్ ప్యాకులు 3,700, కోడలి ఫోను 4,550. మొత్తం 16,902. పెదనాన్న డేటా వోచరు కాకుండా మిగిలింది 10,200. అందులో సగానికి పైగా, 5,400 రూపాయలు, ఫోన్ల నుంచే వచ్చింది. ఇంటర్నెట్ కంపెనీని ముట్టుకోనేలేదు.

ఆ కాగితం ఇప్పుడు వంటింటి క్యాలెండరు వెనక ఉంది. దాని మీద నాలుగు గడువు తేదీలు, ఒక ఫిర్యాదు నంబరు, పెద్దమ్మ చేతిరాతలో ఆమె వద్దన్న చానెల్ పేరు ఒకటి.